ముఖపరిచయం

మన ఇళ్ళల్లో ఏ పెద్ద పని మొదలైనా ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది: "అక్కడ మనకి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" పెద్దాసుపత్రికి వెళ్ళాలన్నా, పాస్‌బుక్‌లో పేరు మార్పించాలన్నా, అమ్మాయిని కొత్త ఊళ్ళో హాస్టల్లో చేర్చాలన్నా ఇదే ప్రశ్న. ఉన్నారంటే సగం భయం పోతుంది. లేరంటే ఇంటాయన కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "సరే, వెళ్ళి చూద్దాం" అంటాడు. ఆ రెండు జవాబుల మధ్య గొంతులో వచ్చే తేడా పిల్లలకి చాలా చిన్నప్పుడే తెలిసిపోతుంది.

ఇప్పుడా ప్రశ్న కాలేజీ పాఠాల్లోకి కూడా వచ్చింది. ఇంజనీరింగులో, ఎంబీఏలో 'సాఫ్ట్ స్కిల్స్' పీరియడ్లో రెజ్యూమె, గ్రూప్ డిస్కషన్ల పక్కన నెట్‌వర్కింగ్ అని ఒక పాఠం చెప్తున్నారు. లింక్డిన్‌లో ప్రొఫైల్ ఎలా పెట్టాలి, ముక్కూ మొహం తెలియని సీనియర్‌కి మెసేజ్ ఎలా రాయాలి, ఆ పరిచయాన్ని తర్వాత ఎలా నిలుపుకోవాలి, అవసరానికి ఎలా వాడుకోవాలి. కథలూ కవిత్వమూ చదువుకునే మనబోటివాళ్ళకి ఇది వినగానే ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. మనుషుల్ని పరిచయం చేసుకోవడం కూడా ఒక టెక్నిక్కేనా? ఒకవేళ అయినా, దాన్ని ఇరవై ఏళ్ళ పిల్లలకి కూర్చోబెట్టి నేర్పొచ్చా?

నేర్పాలనే నేననుకుంటున్నాను. అయితే ఆ ఎబ్బెట్టుతనాన్ని పాతకాలపు బిడియం అని కొట్టిపారేయలేం. దాని వెనక గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. ఒకటి, ఇది మనుషుల్ని వాడుకోవడం. రెండు, ఇది పాత సిఫారసుకే కొత్త పేరు. మూడోది ఇంకా లోతైనది, దాని దగ్గరికి నెమ్మదిగా వద్దాం.

*

"పెన్ను వాడుకున్నాను" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. "వాడు నన్ను వాడుకున్నాడు" అంటే మాత్రం అది నింద. కాంట్ చదవనివాళ్ళకి కూడా ఈ తేడా తెలుసు. కాంట్ 1785లో వేసిన నీతిశాస్త్ర గ్రంథంలో దీన్నే సూత్రంగా పెట్టాడు: ఏ మనిషినీ కేవలం సాధనంగా చూడకూడదు, ఆ మనిషి తనంతట తానే ఒక గమ్యం అని గుర్తుంచుకోవాలి. ఇందులో అసలు బరువంతా 'కేవలం' అన్న మాట మీదుంది. ఆటో ఎక్కినప్పుడు డ్రైవర్ మనకి సాధనమే, బేరం కుదిరితే మనం అతనికి సాధనం. అతనికి తన బతుకుందనీ, 'అటు రాను' అనే హక్కుందనీ మనకి గుర్తున్నంతవరకూ అందులో తప్పేం లేదు. పరిచయాలకైనా అంతే. అవతలి మనిషి 'కుదరదు' అనగలిగేలా అడిగితే అది అడగడం. అనలేకుండా చేసి అడిగితే అది వాడుకోవడం.

అరిస్టాటిల్ స్నేహాల్ని మూడు రకాలన్నాడు. అవసరం కోసం చేసేవి, సరదా కోసం చేసేవి, ఎదుటి మనిషి మంచితనం చూసి చేసేవి. అవసరం మీద నిలబడ్డ స్నేహం ఆ అవసరం తీరగానే విడిపోతుందన్నాడు. దాన్ని పాపం అనలేదు, తక్కువరకం అన్నాడంతే. మన సామెతకి మాత్రం కొంచెం కోపం ఎక్కువ: ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. ఇక్కడ చూడండి, సామెత ఓడ ఎక్కినవాణ్ణి తప్పు పట్టడం లేదు. ఏరు దాటాలంటే ఓడ ఎక్కాల్సిందే. దిగాక మల్లన్న పేరు మార్చినవాడి మీదే దాని కోపం. ఇంకో సామెత ఇంకా ముందుకెళ్ళి, అడగందే అమ్మైనా పెట్టదు అంటుంది. అంటే మన భాషలో అడగడానికి అనుమతి ఎప్పటినుంచో ఉంది. అడిగాక ఎలా ఉండాలన్నదాని మీదే పట్టింపు.

మరి ఎబ్బెట్టు ఎందుకు? ఎవరికి అనిపిస్తుందో చూస్తే కొంత తెలుస్తుంది. హైదరాబాదులో డాక్టర్ల ఇంట్లో పుట్టిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆ అమ్మాయి జీవితంలో ఎప్పుడూ 'నెట్‌వర్కింగ్' చెయ్యదు. ఆదివారం నాన్న స్నేహితుడు టీకి వస్తాడు, ఆయన ఒక ఫార్మా కంపెనీలో పెద్ద ఉద్యోగి. "ఏమ్మా, ఫైనల్ ఇయరా? సమ్మర్‌లో మా దగ్గరికి రాకూడదూ?" అంటాడు. అమ్మ వాళ్ళ కజిన్ డాలస్ నుంచి ఫోన్ చేసి, ఫలానా యూనివర్సిటీకి అప్లై చేస్తే ఫలానా ప్రొఫెసర్‌కి ముందే మెయిల్ రాయమంటుంది. వీటిని ఆ అమ్మాయి పరిచయాలు వాడుకోవడం అనుకోదు. బాబాయిలు, అత్తయ్యలు అనుకుంటుంది. అనుకోవడంలో అబద్ధమూ లేదు, వాళ్ళు నిజంగానే బాబాయిలూ అత్తయ్యలూ. అయితే అదే సహాయం కోసం నారాయణఖేడ్ పక్క పల్లె నుంచి వచ్చిన అబ్బాయి కొత్తవాళ్ళకి మెసేజ్ పెట్టాల్సి వస్తుంది. ఆ మెసేజే మనకి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. వారసత్వంగా వస్తే ఆప్యాయత, కష్టపడి సంపాదించుకుంటే అవకాశవాదం. డబ్బు విషయంలో మనం ఇలా మాట్లాడం. తాతల ఆస్తి తిన్నవాడి కంటే చెమటోడ్చి సంపాదించినవాణ్ణే మెచ్చుకుంటాం.

*

పరిచయాలు అసలు ఎలా పనిచేస్తాయన్నది 1973లో మార్క్ గ్రానొవెట్టర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక వ్యాసంలో చూపించాడు. బోస్టన్ దగ్గరి ఒక శివారు పట్టణంలో కొత్తగా ఉద్యోగం మారినవాళ్ళని కలిసి, ఎలా దొరికిందని అడిగాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని ఇంకో ప్రశ్న కూడా అడిగాడు: ఆ చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తుండేవారు? వారానికి రెండుసార్లైనా కలిసే మనిషి ద్వారా ఉద్యోగం వచ్చినవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడూ కలిసేవాళ్ళ ద్వారా 55.6 శాతం. ఏడాదికోసారో, అదీ లేకుండానో కలిసేవాళ్ళ ద్వారా 27.8 శాతం. అంటే దారి చూపించింది ప్రాణస్నేహితులు కారు, ముఖపరిచయస్తులు.

కారణం ఆలోచిస్తే సులువే. మన దగ్గరివాళ్ళు మనం తిరిగే చోటే తిరుగుతారు, మనకి తెలిసిందే వాళ్ళకీ తెలుసు. దూరపు పరిచయస్తుడు ఇంకో గుంపులో మనిషి, అక్కడి కబురు మోసుకొస్తాడు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2022లో, లింక్డిన్‌లో రెండు కోట్ల మంది మీద ఐదేళ్ళపాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 'సైన్స్' పత్రికలో వచ్చాయి. మరీ దగ్గరివాళ్ళ కన్నా ఒక మోస్తరు పలచటి పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొస్తాయని అందులోనూ తేలింది.

అదే 2022లో రాజ్ చెట్టీ, ఆయన సహచరులు అమెరికాలో ఏడు కోట్లకు పైగా ఫేస్‌బుక్ వాడకందార్ల స్నేహాల్ని పరిశీలించి 'నేచర్' పత్రికలో ప్రచురించారు. ఒక ప్రాంతంలో పేద పిల్లలు పెద్దయ్యాక పైకొస్తారా లేదా అన్నది, అక్కడ పేదవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ మధ్య స్నేహాలు ఎంతగా ఉన్నాయన్నదానితో బలంగా ముడిపడి ఉందని వాళ్ళు గమనించారు. ఉన్నవాళ్ళ పిల్లలకి దొరికేటన్ని ఆ రకం స్నేహాలు దొరికే చోట పెరిగితే, పేద పిల్లల ఆదాయం పెద్దయ్యాక సగటున 20 శాతం పెరుగుతుందని లెక్క కట్టారు. అలాంటి స్నేహాలు ఎందుకు ఏర్పడవో కూడా చూశారు. సగం కారణం, ఇద్దరూ ఒకే బడిలో, ఒకే వీధిలో ఉండకపోవడం. మిగతా సగం, ఒకే చోట ఉన్నా కలవకపోవడం. ఈ రెండో సగం మన కాలేజీ క్యాంటీన్లో కూర్చుంటే కంటికి కనిపిస్తుంది. ఒకే సెక్షన్, ఒకే ల్యాబ్, వేరువేరు బల్లలు.

దీన్నిబట్టి పేదవాళ్ళకి నెట్‌వర్క్ ఉండదని కాదు. చాలాసార్లు వాళ్ళకే గట్టిది ఉంటుంది. డ్వాక్రా సంఘంలో పదిమంది ఆడవాళ్ళు ఒకరి అప్పుకి ఒకరు జవాబుదారీగా నిలబడతారు. నెలాఖరుకి ఎవరింట్లో బియ్యం నిండుకుంటాయో, ఎవర్ని చేబదులు అడగొచ్చో, ఎవర్ని అడిగితే మాట పడాల్సి వస్తుందో వాళ్ళకి తెలిసినంతగా ఏ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కీ తెలీదు. ఇబ్బందల్లా ఆ జాలం ఊరు దాటి పోకపోవడమే. అది పడిపోకుండా పట్టుకుంటుంది కానీ పైకి ఎక్కించలేదు.

ఒక్కోసారి కట్టేస్తుంది కూడా. కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌వైగ్ అనే ఆర్థికవేత్తలు బొంబాయి దాదర్‌లో చేసిన ఒక అధ్యయనం 2006లో వచ్చింది. మిల్లులూ ఫ్యాక్టరీలూ నడిచిన కాలంలో కార్మిక కులాల మగవాళ్ళు ఒకర్నొకరు పనిలో పెట్టించుకునేవారు, అదే వాళ్ళ బలం. 1990ల తర్వాత ఇంగ్లిష్ చదువుకి గిరాకీ పెరిగినా, ఆ కులాల మగపిల్లలు మరాఠీ మీడియం బళ్ళకే ఎక్కువగా వెళ్ళారు, ఎందుకంటే బంధువర్గం చూపించే పని వాళ్ళకోసం అక్కడ సిద్ధంగా ఉంది. ఆ ఏర్పాటులో ఆడపిల్లలకి ఎప్పుడూ చోటు లేదు. అందుకని వాళ్ళే త్వరగా ఇంగ్లిష్ మీడియం వైపు మళ్ళారు. 'మనవాళ్ళు' ఎవరూ లేకపోవడమే వాళ్ళకి దారి తెరిచింది.

*

'మనవాళ్ళు' అన్న మాట వచ్చింది కాబట్టి రెండో అభ్యంతరానికి వద్దాం. తెలుగు సమాజంలో నెట్‌వర్క్‌కి చాలాకాలంగా ఉన్న పేరు అదే. ఊరి పేరు అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు, రెండూ కలిపి చూసుకుని, "అయితే మనోడే" అంటారు. అక్కడినుంచి సంభాషణ తీరే మారిపోతుంది.

దీని చరిత్ర అంతా నల్లగానే ఉందని చెప్పలేం. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ పెట్టినప్పుడు, పల్లెల్నుంచి వచ్చిన తెలుగు పిల్లలకి ఉర్దూ నడిచే ఆ నగరంలో తలదాచుకునే చోటే దొరకడం కష్టం. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి దానికి పూనుకున్నాడు. గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు కూడా చూశాడు. అన్నం, గది, పుస్తకాలు దొరికాయి, వాటితోపాటు నగరంలో మనుషులు దొరికారు. వేరే కులాలవాళ్ళూ తమ హాస్టళ్ళు తాము పెట్టుకున్నారు. ఈ రోజు ఎంతోమంది ఇంట్లో కనిపించే ధీమాకి పునాదులు అలాంటి చోట్లే పడ్డాయి. అయితే ఆ తలుపు మీద కులం పేరు రాసి ఉందన్నదీ నిజమే. లోపలికి వచ్చినవాళ్ళని నిలబెట్టిన ఆ గోడే బయటివాళ్ళని బయట ఉంచింది.

కాబట్టి పిల్లలకి పరిచయాల విద్య నేర్పడమంటే సిఫారసు విద్య నేర్పడమేనా అన్న అనుమానం న్యాయమైనదే. నాకు తోచినంతలో ఇక్కడ మూడు వేరువేరు పనుల్ని మనం ఒకే పేరుతో పిలుస్తున్నాం. మొదటిది సమాచారం చెప్పడం: ఫలానా చోట ఖాళీ ఉంది, ఫలానా స్కాలర్‌షిప్‌కి నవంబర్లో అప్లై చెయ్యాలి, ఆ ఇంటర్వ్యూలో ఇలాంటివి అడుగుతారు. రెండోది సాక్ష్యం చెప్పడం: ఈ అమ్మాయితో ఆరు నెలలు పనిచేశాను, మాట ఇస్తే నిలబడుతుంది. మూడోది ఒత్తిడి పెట్టడం: మనోడే, కాస్త చూడండి.

మొదటిదానిలో ఎవరికీ నష్టం లేదు, చెప్పినంత మాత్రాన చెప్పినవాడి దగ్గర తరిగిపోయేదీ లేదు. రెండోదానిలో నిజం ఉండాలి. చూడని పనిని చూసినట్టు చెప్పడం దొంగసాక్ష్యం. ఐటీ కంపెనీల్లో రిఫరల్‌కి బోనస్ ఇస్తారని, పేరు తప్ప ఏమీ తెలియనివాళ్ళ రెజ్యూమెలు పైకి పంపడం ఈ కోవలోకే వస్తుంది, అది ఎంత మామూలైపోయినా. మూడోది ఇంకొకరి వంతుని లాక్కోవడం. దీనికి నేను పెట్టుకున్న గీటురాయి ఒకటుంది: నేను అడుగుతున్న సహాయం సంగతి వరసలో నా వెనక నిలబడ్డ మనిషికి మొహం చూసి చెప్పగలనా? "ఈ కౌంటర్లో కాదు, ఆ కౌంటర్లో ఇస్తారట" అన్నది చెప్పగలను. "లోపల మా మావయ్య ఉన్నాడు, నాకు ముందు ఇచ్చేస్తారు" అన్నది చెప్పలేను.

సమాచారం కూడా పూర్తిగా అమాయకమైనదేం కాదు. ఖాళీ ఉందన్న కబురు ఒకే వాట్సాప్ గ్రూపులో తిరిగి, ఆ గ్రూపులో అందరి ఇంటిపేర్లూ ఒకే తీరుగా ఉంటే, ఎవరూ ఎవర్నీ ఒత్తిడి చెయ్యకుండానే పని జరిగిపోతుంది. తప్పు చేసినవాడు కనపడడు. అందుకే అడిగేవాడికి నీతి ఉన్నట్టే చెప్పేవాడికీ ఒక నీతి ఉండాలి: తెలిసిన కబురు మనవాళ్ళ గుమ్మం దగ్గరే ఆగిపోకుండా చూడటం.

*

ఇప్పుడు మూడో అభ్యంతరం. పరిచయాలు పెంచుకోవడం నేర్పితే, రేపు ఉద్యోగం రాని పిల్లాడితో "నువ్వు సరిగ్గా నెట్‌వర్క్ చేసుకోలేదు" అంటారు. గోడ సంగతి వదిలేసి, ఎక్కలేనివాడి కాళ్ళని తప్పు పడతారు. దీనికి జవాబు వెతుక్కుంటూ నేను అంబేడ్కర్ జీవితంలో రెండు సంఘటనల దగ్గరికి మళ్ళీమళ్ళీ వెళ్తుంటాను.

మొదటిది. బొంబాయిలో బడి చదువు చదివే రోజుల్లో ఆయనకి కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడితో పరిచయమైంది. పార్కులో చదువుకుంటున్న పిల్లాణ్ణి చూసి ఆయనే పలకరించాడు. మెట్రిక్ పాసైనప్పుడు, 1907లో, తాను మరాఠీలో రాసిన బుద్ధుడి చరిత్ర కానుకగా ఇచ్చాడు. కాలేజీ చదువుకి డబ్బు కష్టమైనప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరికి తీసుకెళ్ళి పరిచయం చేశాడు. నెలకి 25 రూపాయల సాయం దొరికింది. 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళడానికి స్కాలర్‌షిప్ ఇచ్చింది కూడా బరోడా సంస్థానమే. అంబేడ్కర్ ప్రతిభ ఆయనదే, అందులో ఎవరికీ వాటా లేదు. కానీ ఆ ప్రతిభ మహారాజు దాకా చేరడానికి మధ్యలో ఒక ముఖపరిచయం కావాల్సొచ్చింది. కేలూస్కర్ ఆ కులంవాడు కాదు, ఆ వీధివాడు కాదు. సరిగ్గా గ్రానొవెట్టర్ చెప్పిన దూరపు పరిచయం.

రెండోది. చదువు అయ్యాక, స్కాలర్‌షిప్ షరతు ప్రకారం ఆ బరోడాలోనే ఉద్యోగం చెయ్యడానికి 1917లో వచ్చాడు. అప్పటికి కొలంబియాలో, లండన్లో చదివినవాడు, సంస్థానంలో అధికారి, మహారాజుకి తెలిసినవాడు. ఉండటానికి గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకున్నాడు. సంగతి తెలిసి కొందరు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చెయ్యమన్నారు. అప్పుడాయన చేసింది మనం క్లాసులో నేర్పేదే: తెలిసినవాళ్ళని అడిగాడు. హిందూ మిత్రుడు, నువ్వొస్తే మా పనివాళ్ళు వెళ్ళిపోతారన్నాడు. క్రైస్తవ మిత్రుడు, భార్యని అడిగి చెప్తానన్నాడు. ఆ మాటకి అర్థం ఆయనకి తెలుసు. పార్కులో కూర్చుని, రాత్రి రైలుకి బొంబాయి వెళ్ళిపోయాడు. ఇదంతా ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నాడు.

ఈ రెండిట్లో ఒకటే చెప్పి రెండోది దాచడం అబద్ధం. పరిచయం ఒక తలుపు తెరిచింది, సముద్రం దాటించింది. అదే పరిచయం ఒక ఊళ్ళో అద్దె గది ఇప్పించలేకపోయింది. బరోడాలో ఆయనకి అడగడం చేతకాక కాదు, అడగబడినవాళ్ళు ఫెయిలయ్యారు. ఇది వందేళ్ళ కిందటి మాట అని కూడా తేలిగ్గా అనలేం. సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పెద్ద కంపెనీల హెచ్చార్ మేనేజర్లతో మాట్లాడారు. మాకు కావలసింది ప్రతిభ ఒక్కటే అన్నవాళ్ళే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం కనుక్కోవడం అవసరమని కూడా చెప్పారు. "మీ నాన్నగారు ఏం చేస్తుంటారు?" అన్న ప్రశ్న ఇంటర్వ్యూ గదిలో ఎంత మర్యాదగా వినపడుతుందో మనకి తెలుసు. కూలికి వెళ్తాడని చెప్పాల్సిన పిల్లాడికి దాని బరువు కూడా తెలుసు.

కాబట్టి పాఠం చెప్పేవాళ్ళు అడిగే విద్య ఎంత వరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. 'లేదు' అన్న జవాబు వచ్చిన ప్రతిసారీ తప్పు తనదే అనుకోనక్కర్లేదని చెప్పాలి. ఇది చెప్పకుండా నేర్పితే మూడో అభ్యంతరం నూటికి నూరుపాళ్ళూ నిజమవుతుంది.

*

ఇంత చెప్పాక, అసలు క్లాసులో ఏం నేర్పాలి? పెద్ద విషయాలేం కాదు. కొత్త మనిషికి రాసేటప్పుడు నువ్వెవరో, ఆయన పేరు నీకెలా తెలిసిందో రెండు ముక్కల్లో చెప్పు. ఉద్యోగం ఇప్పించమని అడగకు, ఆ పని గురించి ఆయనకి మాత్రమే తెలిసిన ఒక విషయం అడుగు. 'వీలుకాకపోతే పర్వాలేదండీ' అన్న మాట చేర్చు, నిజంగా పర్వాలేదనుకునే చేర్చు. జవాబు రాకపోతే ఓసారి గుర్తు చేసి వదిలెయ్. వచ్చాక థాంక్స్ చెప్పు. అందరూ మర్చిపోయే ఆఖరి మెట్టు ఒకటుంది: ఆయన చెప్పినట్టు చేశాక ఏమైందో మూడు నెలల తర్వాత ఒక కబురు పంపు. ఉద్యోగం వచ్చినా, రాకపోయినా. ఓడ మల్లన్నని బోడి మల్లన్న కాకుండా ఆపేది ఆ కబురే.

తెలుగు పిల్లలకి ఇందులో కొంత చిన్నప్పటినుంచే వచ్చు. రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న మనిషిని పది నిమిషాల్లో "అన్నా" అనగలం, పక్కింటావిణ్ణి "పిన్నిగారూ" అనగలం. పరాయివాళ్ళని వరస కలిపి పిలవడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఇంగ్లిష్‌లో మెయిల్ రాయాల్సి వచ్చేసరికి అదే పిల్లాడు బిగుసుకుపోయి, 'రెస్పెక్టెడ్ సార్' దగ్గర మొదలుపెట్టి వంగి వంగి నేలకి ఆనిపోతాడు. సగం పని, ఊళ్ళో తనకి వచ్చిన విద్యే ఇక్కడా పనికొస్తుందని అతన్ని నమ్మించడం.

రెండో పాఠం అప్పు గురించి. పెళ్ళిలో చదివింపులు రాసుకునే పుస్తకం మనందరి ఇళ్ళల్లో ఉంటుంది. ఎవరు ఎంత చదివించారో రాసిపెట్టుకుని, వాళ్ళింట్లో పెళ్ళికి దానికి తగ్గకుండా తిరిగి చదివిస్తాం. పాత నెట్‌వర్క్ ఈ పుస్తకం ప్రకారం నడుస్తుంది, ఇచ్చినవాడికే తిరిగి చెల్లుతుంది, అందుకే ఎప్పుడూ అవే ఇళ్ళ మధ్య తిరుగుతుంది. కేలూస్కర్‌కి అంబేడ్కర్ చదివింపులు తిరిగి చెల్లించాల్సిన పనిలేదు. అలాంటి అప్పు వెనక్కి తీర్చేది కాదు, ముందుకి తీర్చాలి, మన తర్వాత వచ్చే తెలియని మనిషికి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్ళు 'స్వేరోస్' అనే పేరుతో ఒకచోట చేరారు. రక్తసంబంధం కానిదాన్ని, ఒకే రకం బడిలో తిన్న అన్నాన్ని బంధుత్వంగా మార్చుకునే ప్రయత్నంగా నేను దాన్ని చూస్తాను. అక్కడ తన తర్వాతి బ్యాచ్‌ని పైకి లాగడం ఒక మర్యాదగా నిలబడితే, అది ఏ సాఫ్ట్ స్కిల్స్ పాఠం కన్నా ఎక్కువే నేర్పుతుంది.

మూడో పాఠం మాత్రం పిల్లలకి కాదు. ఇది చదువుతున్న మనలో చాలామంది ఎక్కడో ఒకచోట కుదురుకున్నవాళ్ళం. కంపెనీలో, యూనివర్సిటీలో, పత్రికలో, కనీసం ఆ ఊళ్ళ సంగతి తెలిసిన నగరంలో. మన లింక్డిన్‌లో, మెయిల్లో చదవకుండా వదిలేసిన మెసేజ్‌లు కొన్ని ఉంటాయి. తప్పుల ఇంగ్లిష్, అవసరానికి మించిన వినయం, ఎప్పుడూ వినని కాలేజీ పేరు, 'ప్లీజ్ రిఫర్ మీ సార్'. చూడగానే విసుగొస్తుంది. వాళ్ళకి అడగడం రాదు, నిజమే, నేర్పినవాళ్ళు లేరు. వాళ్ళ పని చూడకుండా రిఫర్ చేసెయ్యమని నేననను, అది దొంగసాక్ష్యమవుతుందని పైనే అనుకున్నాం. కానీ సమాచారం చెప్పడానికి ఏమీ అడ్డులేదు. ఈ ఉద్యోగానికి ఏం చదవాలో, ఈ రెజ్యూమెలో ఏది తీసెయ్యాలో, ఖాళీలు ఎక్కడ ప్రకటిస్తారో నాలుగు వాక్యాల్లో చెప్పొచ్చు. చెప్పడానికి ఏమీ లేకపోతే 'నావల్ల కాదు తమ్ముడూ, ఫలానా చోట అడిగి చూడు' అనైనా రాయొచ్చు.

అడగడం నేర్పే క్లాసులు పెరుగుతున్నాయి, పెరగనివ్వండి. జవాబు చెప్పేవాళ్ళు లేకపోతే ఆ క్లాసుల్లోంచి బయటికొచ్చేది ఇంకొంచెం మంచి ఇంగ్లిష్‌లో రాసిన, ఎవరూ చదవని మెసేజ్‌లే.